తూముకు తాళం లేని ఊరు

అందరికీ నమస్కారం.

కార్డులో ‘బాలి యాత్రా విశేషాలు’ అని వేశారు. ఫోటోలు చూపిస్తానేమోనని కొంతమంది ముందు వరసలో కూర్చున్నట్టున్నారు. ఫోటోలన్నీ మా అమ్మాయి ఫోన్‌లో ఉన్నాయి, అమ్మాయి బెంగళూరులో ఉంది. కాబట్టి మీకు మిగిలింది నా మాటలే. బీచుల గురించి, కోతుల గురించి అడిగితే మా ఆవిడ బాగా చెబుతుంది. నాకు మాత్రం తిరిగొచ్చేటప్పుడు విమానంలో కూర్చున్న ఏడున్నర గంటలే గుర్తున్నాయి. ఆ గంటల్లో నా తలలో ఒక కొబ్బరి దుంగ తిరుగుతూనే ఉండింది. దాని గురించి చెబుతాను.

నేను ఈ జిల్లాలో చెరువుల పని చేసి రిటైరైన ఇంజినీరునని మీలో చాలామందికి తెలుసు. కట్టలు కొలవడం, తూములకు, మరవలకు ఎస్టిమేట్లు రాయడం, ఎవరో ఒకరితో తిట్లు తినడం. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని. ‘నాన్నా, ఒక్కసారైనా చెరువు లేని చోటికి పోదాం’ అని అమ్మాయి టికెట్లు తీసింది. ద్వీపం గదా, చుట్టూ సముద్రమే ఉంటుంది అనుకుంది పాపం.

మేం పోయింది 2025 మార్చిలో. సముద్రం పక్కన నాలుగు రోజులున్నాక లోపలికి, తబానన్ అనే జిల్లాలో ఒక పల్లెకు పోయి, ఒక రైతు ఇంట్లో అద్దెకు దిగాం. దగ్గర్లో జతిలువి అని ఊరుంది. కొండంతా మెట్లు మెట్లుగా వరిమళ్ళు. అక్కడి మళ్ళనూ, నీళ్ళు పంచుకునే పద్ధతినీ కలిపి 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ పద్ధతి పేరు సుబక్. ఊరు వేరు, సుబక్ వేరు. ఒక ఆనకట్ట నుంచి ఎంతమందికి నీళ్ళు పారతాయో అంతమందీ ఒక సుబక్. వాళ్ళు రెండు మూడు ఊళ్ళవాళ్ళు కావచ్చు. ఎకరా ఉన్నవాడికీ, పావు ఎకరా ఉన్నవాడికీ మీటింగులో ఒక్కటే ఓటు. పెద్దమనిషిని వాళ్ళే ఎన్నుకుంటారు, పెకసే అంటారు.

ఇదంతా నేను ముందే చదివాను. పుస్తకంలో చదివితే మన నీటి సంఘాల రూల్స్ లాగానే ఉంటుంది. 1997లో మన దగ్గర చట్టం వచ్చినప్పుడు ఆ రూల్స్ ఊరూరా తిరిగి చదివి వినిపించినవాణ్ణి నేనే గదా. రూల్స్ చదివితే ఎవరికీ ఒళ్ళు పులకరించదు.

రెండో రోజు పొద్దున ఇంటాయన కాలువ గట్టు మీద నడిపించుకుంటూ పోయాడు. ఒకచోట కాలువకు అడ్డంగా ఒక దుంగ వేసి ఉంది. పాతబడిన కొబ్బరి మాను. దాని పై అంచులో మూడు గాడులు చెక్కారు. ఒకటి వెడల్పు, ఒకటి అందులో సగం, ఇంకొకటి నాలుగు వేళ్ళు పట్టేంత. నీళ్ళు వచ్చి ఆ మూడు గాడుల్లోంచి మూడు పిల్లకాలువల్లోకి పడుతున్నాయి. అంతే. షట్టరు లేదు, గేరు లేదు, తాళం లేదు. ‘తెంబుకు’ అన్నాడు దాన్ని. గాడి వెడల్పు కింద ఉన్న మళ్ళను బట్టి ఉంటుందట. వానాకాలం నీళ్ళు పొంగి వచ్చినా, ఎండాకాలం వేలంత ధార వచ్చినా, ఎవరి వాటా ఎంతో ఆ నిష్పత్తి మారదు.

నేను అక్కడే గొంతుకూర్చున్నాను. మా ఆవిడ ‘లేవండి, ఎండ’ అంటోంది. నాకేమో లెక్క అర్థమవుతోంది. రాత్రి ఎవడైనా వచ్చి గాడిని ఒక వేలు వెడల్పు చేశాడనుకోండి. పొద్దున బడికి పోయే పిల్లవాడు కూడా కొత్త చెక్క రంగు చూసి పట్టేస్తాడు. దొంగతనానికి చీకటి కావాలి. ఆ దుంగ దగ్గర చీకటి లేదు.

మన తూము సంగతి మీకు తెలుసు. అది నీళ్ళ లోపల ఉంటుంది. రెండు రాతి స్తంభాలు, మధ్యలో కడ్డీ, అడుగున బిరడా. ఎంత ఎత్తారో నీళ్ళు వదిలే నీరుగంటికి తెలుసు, ఎత్తించిన పెద్దాయనకు తెలుసు. చివరి మడివాడికి తెలిసేది ఒక్కటే, నీళ్ళు రాలేదని.

ఇంటాయన్ని ఒక ప్రశ్న అడిగాను. అమ్మాయి ఫోన్‌లో కొట్టి ఇంగ్లీషు చేసి, అక్కణ్ణించి వాళ్ళ భాషలోకి చేసింది. పైన ఉన్నవాడికి నీళ్ళు ముందు వస్తాయి గదా, కిందివాడి గురించి వాడికెందుకు పట్టింపు? ఆయన ‘ఎలుకలు’ అన్నాడు. ఫోను తప్పు చెప్పిందేమో అనుకున్నాం. మళ్ళీ అడిగితే మళ్ళీ ఎలుకలే.

విషయమేమంటే, లోయలో అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి మళ్ళు ఖాళీగా వదిలితే ఎలుకలకూ, సుడిదోమకూ తిండి దొరకదు, చస్తాయి. కిందివాడికి నీళ్ళివ్వకపోతే వాడు ఆలస్యంగా నాటుతాడు. పైవాడు కోశాక కింద పచ్చగా ఉంటుంది. పురుగు అక్కడ బతికి, తర్వాతి పైరుకు పైకి ఎక్కుతుంది. అంటే పైవాడు నీళ్ళు వదిలేది తన పంట కోసమే. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త, జేమ్స్ క్రెమర్ అనే ఆయనతో కలిసి దీన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించాడు. 1970లలో అక్కడి ప్రభుత్వం కొత్త వంగడాలిచ్చి, గుడి చెప్పే తేదీలతో పని లేదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు ఎన్ని పంటలైనా వేసుకోండి అంది. కొన్నేళ్ళకే తెగుళ్ళు ఎగబడ్డాయి. మళ్ళీ పాత తేదీలకే రావలసి వచ్చింది. మళ్ళీ ఆ తేదీలు చెప్పమని గుడిని అడగాల్సి వచ్చిన ఇంజినీరు ఎవరో గానీ, వాడి బాధ నాకు తెలుసు.

గుడి అన్నాను గదా. బాతూర్ అనే అగ్నిపర్వతం నోట్లో పెద్ద చెరువుంది, దాని దేవత దేవి దను. 1926లో లావా పొంగి గుడిని ముంచేస్తే, గుడిని కొండ అంచు మీదికి మార్చుకున్నారు. నీళ్ళన్నీ ఆ తల్లివే అని వాళ్ళ నమ్మకం, నీటి తగవులు ఆ గుడి దాకా పోతాయి. అక్కడ నిలబడితే నాకు మన అనంతపురం పక్క బుక్కరాయసముద్రం చెరువు ముసలమ్మ గుర్తొచ్చింది. అత్తారింటి చిన్నకోడలు గండిలో దిగి మునిగిపోతే గానీ కట్ట నిలవలేదని మన కథ. వాళ్ళ దేవతకు నీళ్ళు పంచే ఉద్యోగం, మన దేవతకు గండి పూడ్చే ఉద్యోగం. చిన్నప్పుడు ఆ కథకు ఏడ్చాను. ఇంజినీరునయ్యాక అడగాలనిపించింది, ఆ ఏటి వానలకు ముందు కట్ట మీద మట్టి ఎవరు వేయాల్సి ఉండిందని.

వేసేవాళ్ళు ఉండేవాళ్ళు. కుడిమరామత్తు అనేవాళ్ళు. ఇంటికొక మనిషి వచ్చి కట్ట బాగుచేయాలి. 1858లో మద్రాసు సర్కారు దీనికి చట్టమే చేసింది. పైవాడికి కిందివాడి గంప, పార అవసరం. మనకున్న ఎలుక అదీ. తర్వాత మరమ్మతు మా ఎస్టిమేట్లలోకి వచ్చింది. ఆ తర్వాత బోర్లు వచ్చాయి. ఎవరి బోరు వాడికి, ఎవరి మోటారు వాడికి. ఇంక పైవాడికి కిందివాడితో పనేముంది?

ఊరికే పొగడ్తలు వద్దు. అక్కడ వాన మనకు మూడు రెట్లు పైనే. నీళ్ళున్న చోట న్యాయం చెప్పడం సులువు. మేమున్న ఇంటి పక్క మడి అమ్మేశారు, అందులో ఈత కొలనుతో విల్లా లేస్తోంది. ఇంటాయన కొడుకు టాక్సీ నడుపుతాడు. ‘వాడికి గాడి ఎంత వెడల్పో తెలియదు’ అన్నాడు ఆయన. వరి కన్నా మాలాంటి టూరిస్టులే ఆయనకు ఎక్కువ రాబడి.

మార్చి 29న అక్కడ న్యేపి, వాళ్ళ కొత్త సంవత్సరం. శాలివాహన శకం 1947. మర్నాడు మనకు ఉగాది, అదే శకం 1947. అమావాస్య మర్నాడని వాళ్ళ లెక్క, పొద్దు పొడిచేసరికి పాడ్యమి ఉండాలని మన లెక్క. అందుకే ఒక్కో ఏడు ఒకే రోజు, ఒక్కో ఏడు రోజు తేడా, అధికమాసం అడ్డొస్తే నెల తేడా. వాళ్ళు పచ్చడి చేసుకోరు. నిప్పు ముట్టించరు, పని చేయరు, బయటికి రారు, పాట పెట్టరు. ఎయిర్‌పోర్టు కూడా ఇరవై నాలుగు గంటలు మూతే. మొబైల్ నెట్ ఆపేస్తారు. అమ్మాయికి పొద్దున్నే టెన్షన్ మొదలైంది, మధ్యాహ్నానికి నిద్రపోయింది. సాయంత్రం మేం వరండాలో లైటు వేస్తే, గళ్ళ లుంగీ కట్టుకున్న ఊరి కావలివాడు గేటు దగ్గర ఆగి చేత్తో సైగ చేశాడు. ఆర్పేశాం. రాత్రంతా వినపడింది ఇంటి వెనక కాలువ ఒక్కటే. దానికి సెలవు లేదు.

ఉగాది రోజు మధ్యాహ్నం విమానం. మా ఆవిడ పంచాంగ శ్రవణం పోయిందని బాధపడుతూ, సంచిలో మిగిలిన శెనక్కాయ పొడి చివరి చెంచాను విమానంవాళ్ళిచ్చిన అన్నంలో కలుపుకుంది. ఏమాటకామాట, ఆ పొడి లేకపోతే నేను పది రోజులు బతికేవాణ్ణి కాదు. భూమధ్యరేఖ దాటి పైకొచ్చాం. వాచీ రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకున్నాను. చుట్టూ అందరూ ఫోటోలు చూసుకుంటున్నారు. నాకు కళ్ళు మూస్తే దుంగ.

బెంగళూరు పక్క దేవనహళ్ళి దగ్గర విమానం కిందికి దిగుతుంటే ఇంకా వెలుతురుంది. కిటికీలోంచి చెరువులు కనపడ్డాయి. పైనుంచి చూస్తే కట్టలు కత్తిరించిన గోళ్ళలాగా ఉంటాయి. పందొమ్మిది లెక్కపెట్టాను, నాలుగింట్లో నీళ్ళున్నాయి. మార్చి ఆఖరు, అది సహజమే. కానీ మిగిలినవి పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం సర్కారు తుమ్మది. పక్క సీటు కుర్రవాడు ‘అంకుల్, ఇక్కడ కూడా గ్రీనరీ బాగుందే’ అన్నాడు. ఏం చెప్పను?

కారులో బాగేపల్లి, కొడికొండ దాటి పెనుకొండ కొండ చీకట్లో కనిపించినప్పుడు సింగయ భట్టు గుర్తొచ్చాడు. 1388 నాటి శాసనం ఒకటి ఉంది. పెన్న నీళ్ళను కాలువ తవ్వి పెనుకొండకు తెమ్మని యువరాజు బుక్కరాయలు ఆయనకు చెప్పాడు. శాసనం ఆయన్ని ‘జలసూత్ర’ విద్య తెలిసినవాడంటుంది, అంటే నీటి పనుల ఇంజినీరు. మా ఉద్యోగంలో ఆయనే మొదటి సీనియర్ అని నేను సరదాకి అంటుంటాను. ఆ రాత్రి సరదాగా లేదు. ఎందుకో చెప్పి ముగిస్తాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఊళ్ళో పాత రాతి తూము తీయించి స్క్రూ గేరు షట్టరు పెట్టించాను. పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. పాతదానిలో నీళ్ళు కారుతున్నాయి, నిజమే. కానీ దాని కడ్డీకి వరసగా రంధ్రాలుండేవి, చీల ఏ రంధ్రంలో ఉందో కట్ట మీద నిలబడితే కనిపించేది. అంటే అదీ ఒక గాడే. నేను అప్పుడు చూడలేదు. రాత్రిపూట ఎవరో తిప్పుతున్నారని గొడవ రాగానే గేరుకు గొలుసు చుట్టించి తాళం వేయించాను. ఎస్టిమేట్‌లో తాళం లేదు, నా జేబులోంచే కొన్నాను. తాళం పడ్డాక చివరి మడులవాళ్ళు అడగడం మానేశారు. గొడవలు తగ్గాయని నేను సంతోషించాను.

బాలి నుంచి వచ్చిన వారానికి ఆ ఊరికి పోయాను. నీరుగంటి చనిపోయి చాలా ఏళ్ళయింది. కొడుకు పంక్చర్ షాపు నడుపుతున్నాడు. షట్టరు మూసి నాతో కట్ట మీదికి వచ్చాడు, తన షాపు షట్టరు లెండి. తూము దగ్గర తుమ్మ కంపలు తొలగించి చూశాం. రేకు తుప్పు పట్టి రాలిపోయింది. స్క్రూ కడ్డీని ఎవరో పాత ఇనుము కింద అమ్ముకున్నారు. చక్రం లేదు. గొలుసు మాత్రం రాతికి చుట్టి ఉంది, నా తాళం దానికే వేలాడుతోంది, వేసింది వేసినట్టే.

తాళంచెవి ఎవరి దగ్గరుందప్పా అని అడిగాను.

‘మీ ఆఫీసులోనే ఉండాల సార్’ అన్నాడు.