గుండ్రంగా లేని కేంద్రకాలు

మిత్రులకు నమస్కారం. పాఠ్యపుస్తకాల్లో పరమాణు కేంద్రకాన్ని గుండ్రంగానే గీస్తారు. నిజానికి చాలా కేంద్రకాలు అలా ఉండవు. ఫొటో తీసి చూడలేని దాని ఆకారం మనకెలా తెలిసింది? అది తిరిగే తీరును బట్టి.

పూర్తిగా గుండ్రంగా ఉన్న కేంద్రకాన్ని ఎటు తిప్పినా ఏమీ మారదు. అందుకే క్వాంటమ్ లెక్కలో దానికి మొత్తంగా తిరగడమనేదే లేదు. ఏదో ఒక వైపు సాగి ఉంటేనే తిరుగుతుంది. అలా తిరిగేది వేగం తగ్గుతూ, మెట్టు మెట్టుకూ ఒక గామా కిరణాన్ని వదులుతుంది.

1986లో ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీ ప్రయోగశాలలో పీటర్ ట్విన్ బృందం కాల్షియం-48 అయాన్లతో పల్లేడియం-108ను కొట్టింది. రెండూ కలిసిపోయి, నాలుగు న్యూట్రాన్లు ఎగిరిపోతే మిగిలేది డిస్ప్రోసియం-152. కావాలంటే కూడి చూసుకోండి. పక్కగా తగిలిన దెబ్బకు అది సెకనుకు ఎన్ని చుట్లు తిరిగిందంటే, ఒకటి పక్కన 20 సున్నాలు పెట్టినా చాలదు! వర్ణపటంలో 19 గామా రేఖలు వరసగా కనిపించాయి. మొదటిదాని శక్తి 602 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఆపైన ఒక్కోటి సుమారు 47 చొప్పున ఎక్కువ. ఈ ఎడం ఎంత తక్కువైతే జడత్వ భ్రామకం, అంటే తిరుగుడు వేగాన్ని మార్చడానికి ఎదురయ్యే అడ్డు, అంత ఎక్కువ. సాగిన వస్తువుకు అది ఎక్కువగా ఉంటుంది. ఆ లెక్కన కేంద్రకం పొడవు వెడల్పుకు దాదాపు రెండింతలని తేలింది.

ఎడం ఒక్కటే చూసి ఒప్పుకోనక్కర్లేదు. నా దృష్టిలో మరుసటి ఏడాది వచ్చిన కొలతే గట్టి సాక్ష్యం. కేంద్రకం పదార్థంలో దూసుకుపోతూ నెమ్మదించేలోపే కిరణాలు వదిలితే, డాప్లర్ ప్రభావం వల్ల వాటి శక్తి కాస్త జరుగుతుంది. ఆ జరుగుడును బట్టి ఒక్కో మెట్టు మీద అది ఎంతసేపు ఆగిందో లెక్క కట్టారు. పికోసెకను (సెకనులో లక్ష కోట్లో వంతు) కన్నా చాలా తక్కువ! విద్యుదావేశం అంత పొడవునా సాగి ఉంటే తప్ప అంత త్వరగా మెట్లు దిగడం సాధ్యం కాదు.

తర్వాత ఇంకో వింత ఎదురైంది. దాదాపు గుండ్రంగా ఉన్న సీసం కేంద్రకాల్లోనూ ఇలాంటి వరసలే కనబడ్డాయి. అక్కడ తిరిగేది ఆకారం కాదు, కొన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసి ఏర్పరచిన అయస్కాంత భ్రామకం, అంటే ఒక చిన్న అయస్కాంతం లాంటిది. భౌతిక శాస్త్రవేత్త స్టెఫాన్ ఫ్రాయెండార్ఫ్ దీన్ని అయస్కాంత భ్రమణంగా వివరించారు. 1997లో అమెరికాలోని గామాస్ఫియర్ అనే గామా కిరణాలను పట్టే పరికరంతో చేసిన కొలతలు ఆయన మాటను బలపరిచాయి.

ఈ పని మన దేశంలోనూ జరుగుతోంది. ఇంగా (ఇండియన్ నేషనల్ గామా అరే) అనే, గామా కిరణాలను పట్టే జెర్మేనియం డిటెక్టర్ల సముదాయాన్ని ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లోని యాక్సిలరేటర్ల (అయాన్లను వేగంగా పరుగెత్తించే యంత్రాల) దగ్గర వంతులవారీగా నెలకొల్పుతున్నారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నవాళ్లు ఈ దారి గురించి తప్పక ఆలోచించండి.