పువ్వు ముందు పది నిమిషాలు

అందరికీ నమస్కారం. సెలవు రోజున కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

మాది గద్వాల దగ్గర పల్లె. సీడు పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనాల కోసం వేసే పత్తి, పండించే ఊరు. క్రాసింగ్ అంటే ఏమిటో ఈ హాల్లో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం పూట ఆడ వరసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలు వెతికి, గోటితో ఒలిచి, కేసరాలు తీసేయాలి. తెల్లారాక మగ పువ్వు కోసుకొచ్చి కీలాగ్రానికి, అంటే ఆడ పువ్వు మధ్యలో పుప్పొడి అందుకునే కొసకు, పుప్పొడి రుద్దాలి. బడి సెలవుల్లో అమ్మ పక్కన నేనూ ఆ పని చేశాను. ఒక చేను కాయ కట్టాలంటే మనిషి ఎన్నిసార్లు వంగాలో నా నడుముకు తెలుసు. ఇదే పనిని, అంటే పరాగసంపర్కాన్ని, ఎవరూ చెప్పకుండా, కూలి అడగకుండా చేసే ప్రాణుల గురించి చదవాలన్న కోరిక నాకు ఆ చేలోనే పుట్టింది.

ఆ కోరికే రెండేళ్ల కిందట జులైలో ఒక వర్క్‌షాపు కోసం నన్ను అమెరికాలోని కొలరాడోకు తీసుకెళ్లింది. అక్కడ కొండల మధ్య గాథిక్ అనే చిన్న చోటు ఉంది. ఒకప్పుడు వెండి గనుల కోసం పుట్టిన ఊరు, గనులు మూతపడ్డాక ఖాళీ అయిపోయింది. 1928లో జాన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఆ పాడుబడిన ఊళ్లోనే రాకీ మౌంటెన్ బయోలాజికల్ లాబొరేటరీని మొదలుపెట్టారు. సముద్ర మట్టానికి సుమారు 2,900 మీటర్ల ఎత్తు. మొదటి రెండు రోజులు నాలుగడుగులు ఎక్కితే చాలు, నాకు ఆయాసం వచ్చేది.

అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం మంచే. అది కరిగాక దొరికే కొద్ది నెలల్లోనే పూలన్నీ పూయాలి, తేనెటీగలు, వాటి జాతి ఈగలన్నీ కడుపు నింపుకోవాలి. డేవిడ్ ఇనౌయే అనే శాస్త్రవేత్త 1973 నుంచి ఏటా నేల మీద అవే చదరాల్లో పూలు లెక్కపెట్టించారు. బిల్లీ బార్ అనే ఆయన 1970ల నుంచి చలికాలమంతా అక్కడే ఉండి, మంచు ఎంత పడింది, ఎప్పుడు కరిగింది అని రాసుకుంటూ వచ్చారు. 39 ఏళ్ల పూల లెక్కలు తీసి చూస్తే, అక్కడి పూల కాలం 35 రోజులు పెరిగిందని తేలింది. వేడెక్కుతున్న కొండ ఎలా మారుతోందో ఆ నోటుపుస్తకాల వల్లే తెలిసింది. ఇన్నేళ్లు ఒకే చోట కూర్చుని రాసినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

ఇక వర్క్‌షాపు సంగతి. పూలకు, వాటి దగ్గరికి వచ్చే పురుగులకు మధ్య ఉండే నెట్‌వర్క్‌ను ఎలా గీయాలి, ఎలా చదవాలి అన్నదే విషయం. గీయడం తేలికే. కాగితం మీద పై వరసలో మొక్కలు రాయండి, కింది వరసలో పురుగులు రాయండి. ఏ పురుగు ఏ పువ్వు మీద వాలితే ఆ రెంటికీ గీత కలపండి. ఎక్కువసార్లు వాలితే గీత లావు చేయండి. ఇలాంటి పటాలు ఎన్నో చోట్ల గీశాక 2003లో స్పెయిన్‌కు చెందిన బాస్కోంప్టే, జోర్డానో బృందం ఒక సంగతి చూపించింది. ఒకటి రెండు పూలనే నమ్ముకున్న పురుగులు చాలావరకు అందరూ వచ్చే పూల దగ్గరికే వస్తాయి. అందరినీ ఆదుకునే మొక్కలు కొన్నే ఉంటాయి, మిగతా అల్లికంతా వాటిని పట్టుకుని నిలబడుతుంది.

గీత గీయడం తేలికే అన్నాను. ఆ గీతకు అర్థం చెప్పడం ఎంత కష్టమో మొదటి రోజు పొద్దున్నే తెలిసింది. ఒక్కొక్కరికి ఒక జెండా కర్ర, ఒక షీటు, ఒక స్టాప్‌వాచ్ ఇచ్చారు. పువ్వు ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చుని, వచ్చినవాళ్లందరినీ రాయాలి. నాకు దొరికింది స్కార్లెట్ గీలియా, ఎర్రటి సన్నని బూరల్లాంటి పూలు. హమ్మింగ్ పక్షి ముక్కుకు సరిగ్గా సరిపోయే పువ్వు. నా పది నిమిషాల్లో పక్షి రాలేదు, ఒక బంబుల్‌బీ వచ్చింది. మన మైదానాల్లో బంబుల్‌బీలు ఉండవు, మన దేశంలో హిమాలయాల వైపే కనిపిస్తాయి. బొచ్చు ఒళ్లున్న తుమ్మెద అనుకోండి. అది ఒకటి కాదు, ఆరు పూల మీద వాలింది. సంబరంగా ఆరు గీతలు రాశాను.

మాకు నేర్పుతున్న ఆవిడ వచ్చి, ఒక పువ్వు తుంచి, బూర అడుగు భాగం చూపించారు. అక్కడ చిన్న చిల్లు. ఆ ఈగ పువ్వు నోట్లోకి వెళ్లనే లేదు. పక్కనుంచి కొరికి, తేనె తాగి వెళ్లిపోయింది. పుప్పొడి దానికి అంటలేదు, కీలాగ్రాన్ని అది తాకలేదు. ఇలాంటి ఈగల్ని అక్కడ తేనె దొంగలు అంటారు. షీటులో నేను రాసిన ఆరూ వాలడాలే, పరాగసంపర్కాలు కావు. వచ్చిన ప్రతి ఈగా పని చేసి వెళ్లిందని అనుకోకూడదు. క్రాసింగ్ చేసిన చేతులకు ఈ మాట వెంటనే ఎక్కుతుంది. పువ్వును ముట్టుకున్నంత మాత్రాన కాయ కట్టదని మా అమ్మ నాకు చేలోనే చెప్పింది.

అదే లోయలో బెర్రీ బ్రోసీ, హెదర్ బ్రిగ్స్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. 20 మీటర్ల చదరాలు ఎంచుకుని, ఒక్కో చదరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న బంబుల్‌బీ జాతిని వలతో పట్టి పక్కన పెట్టారు. మిగతా జాతులు ఉన్నాయి కదా, అవే ఆ పని చేస్తాయని ఎవరైనా అనుకుంటారు. అవి పూల మీద వాలుతూనే ఉన్నాయి, కానీ నిలకడ తప్పింది. అంతకుముందు 78 శాతం ఈగలు ఒక విహారంలో ఒకే రకం పూలను అంటిపెట్టుకుంటే, ఒక జాతిని తీసేశాక అది 66 శాతానికి పడిపోయింది. పోటీ తగ్గేసరికి కనిపించిన పువ్వల్లా ఎక్కాయి. ఒక రకం పుప్పొడి ఇంకో రకం మీద పడింది. అక్కడి లార్క్‌స్పర్ మొక్కలకు గింజలు దాదాపు మూడో వంతు తగ్గాయి. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పోయింది ఒక్క జాతే. బయట నుంచి చూస్తే పొలం నిండా ఈగలే.

నన్ను ఇప్పటికీ వదలని ఉదాహరణ ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్లిన్‌విల్‌ది. చార్లెస్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1800ల చివర్లో ఆ ఊరి చుట్టూ ఏ ఈగ ఏ పువ్వు మీద వాలుతుందో ఏళ్ల తరబడి రాశారు. 120 ఏళ్ల తర్వాత లారా బర్కిల్ బృందం అదే చోటికి వెళ్లి 26 రకాల మొక్కలను మళ్లీ చూసింది. పాత లెక్కలోని 532 బంధాల్లో 24 శాతమే మిగిలాయి. ఈగ జాతుల్లో సగం కనిపించలేదు. కొత్త బంధాలు కొన్ని కలిశాయి, నిజమే. కానీ తెగిపోయిన వాటిలో చాలా చోట్ల పువ్వూ ఉంది, ఈగా ఉంది, రెండూ కలవడం మాత్రం ఆగిపోయింది. ఒకటి ముందు పూస్తోంది, ఇంకొకటి తర్వాత వస్తోంది. జాతుల జాబితా మాత్రమే రాసి ఉంటే ఈ నష్టం ఎవరి కంటా పడేది కాదు. రాబర్ట్‌సన్ ఎవరు ఉన్నారని కాకుండా ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారని రాశారు కాబట్టి తెలిసింది.

మన దగ్గర ఇలాంటి పని లేదనుకోకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి. సుబ్బారెడ్డి, ఆ తర్వాత ప్రొఫెసర్ ఎ.జె. సాలమన్ రాజు తూర్పు కనుమల మొక్కల పరాగసంపర్కం మీద ఎంతో కాలం పనిచేశారు. కానీ మన ఊరి పొలం గట్టు మీద, మన చెరువు కట్ట మీద రాబర్ట్‌సన్‌లా కూర్చుని రాసినవాళ్లు నాకు తెలిసి లేరు. పత్తికి మందు కొట్టే ముందు రోజు ఎవరు వచ్చారు, మర్నాడు ఎవరు రాలేదు అన్నది కూడా మనం రాసుకోలేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అందుకే ఈరోజు మీకోసం వంద షీట్లు తెచ్చాను. మీ కాలేజీ వెనక గట్టు మీద తంగేడు విరగబూసి ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అది కూడా కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచే రాలుతుంది. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని జుమ్మని ఒళ్లు వణికిస్తేనే అది బయటికి వస్తుంది. ఆ చప్పుడు మీ చెవులతో వినాలి. బీర పాదు ఉన్నవాళ్లు సాయంత్రం కూర్చోండి, ఆ పూలు విచ్చుకునేది అప్పుడే. పొద్దున చూసి ఎవరూ రాలేదని రాస్తే లెక్క తప్పుతుంది.

రేపు పొద్దున ఏడింటికి గట్టు దగ్గర కలుద్దాం. నీళ్ల సీసా, టోపీ తెచ్చుకోండి. సెంటు పూసుకోకండి. ఈగ పేరు తెలియకపోతే రంగు, సైజు రాయండి చాలు. ఎవరూ రాకపోతే సున్నా అని రాయండి. ఆ సున్నా కూడా నాకు కావాలి.