మామకు 50, నేలకు 45

హోస్ట్: నమస్తే అందరికీ. ఇయ్యాల స్టూడియో లేదు, ఖాజాగూడల మా మామ వాళ్ళ బాల్కనీల కూసున్నం. మధ్యల కుక్కర్ విజిల్ వినపడితే అది మా అత్త పప్పు, ఎడిటింగ్‌ల తీసెయ్య. మామా, 50వ పుట్టినరోజుకు అందరు ఫంక్షన్ హాల్ మాట్లాడుకుంటరు. నువ్వేమో అగ్నిపర్వతం చుట్టు నడిచొచ్చినవ్.

మామ: హాల్ మాట్లాడితే నువ్వు గిఫ్ట్ తేవాల్సొస్తుండె బిడ్డా. నీ పైసలు మిగిలినయ్ గదా. (నవ్వులు) మావోడు అమెరికాల, పోర్ట్‌లాండ్‌ల ఉంటడు, ఆడికెళ్లి కార్ల పోయినం. మౌంట్ సెయింట్ హెలెన్స్ అని, వాషింగ్టన్ రాష్ట్రంల ఉంటది. దాని చుట్టు లూవిట్ ట్రెయిల్ అని బాట ఉన్నది, దగ్గర దగ్గర 50 కిలోమీటర్లు. శిఖరం ఎక్కేది లేదు.

హోస్ట్: అంటే గిరి ప్రదక్షిణ. యాదగిరిగుట్ట లెక్క.

మామ: గుట్ట చుట్టు నడిస్తే గంటల ఇంటికొస్తం. ఇది మూడు రోజులు. టెంటు, పొయ్యి, తిండి అన్నీ వీపు మీదనే, 15 కిలోలు.

హోస్ట్: దానికి ఈడ్నే ప్రాక్టీస్ చేసినవంట?

మామ: రోజు పొద్దుగాల ఈ గుట్టల మీద. మొదట్ల సంచిల బియ్యం బస్తా పెట్టుకుంటి. వాకింగ్‌కు వచ్చే పెద్దాయన ఒకాయన "ఏ ఊరు పోతున్నవ్ తమ్మీ, బస్సు పోయిందా" అన్నడు. మావోడు ఫోన్ల తిట్టిండు: బియ్యం ఎందుకు నాయనా, నీళ్ళ బాటిళ్ళు పెట్టుకో, పైన పారబోసి దిగు, దిగేటప్పుడు మోకాళ్ళ మీద బరువు పడదు అని. నిజంగనే ఫరక్ తెలిసింది. 50 దాటి ఎవరన్న మొదలుపెడితే ఈ ఒక్కటి యాదికి పెట్టుకోవాలె.

(కుక్కర్ విజిల్)

హోస్ట్: ఇగో, వచ్చింది.

మామ: మంచిగ వచ్చింది, దీంతోనే చెప్త. ప్రెషర్ పోకముందే మూత ఊడితే ఏమైతది? 1980 మే 18, పొద్దున 8 గంటల 32 నిమిషాలకు ఆ కొండకు అయిందదే. అప్పటికి రెండు నెలల సంది లోపల కరిగిన రాయి ఎగదన్ని ఉత్తరం పక్క కడుపు లెక్క ఉబ్బింది. భూకంపం రాంగనే ఆ పక్క మొత్తం జారిపోయింది. మూత పోయింది గదా, లోపలి ఆవిరి, బూడిద, రాళ్ళు పైకి కాదు, ముందు పక్కకు కొట్టినయ్. 57 మంది పోయిండ్రు. కొండ ఎత్తు 2,950 మీటర్లు ఉండె, 2,549కి దిగింది. మన చార్మినార్లు ఏడు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతనో, అంత లేకుండ పోయింది.

హోస్ట్: అబ్బా. మరి ఆ పక్కకు పోయినంక ఎట్లుంటది?

మామ: మొదటి రోజు దక్షిణం దిక్కు జూన్ లేక్ నుంచి మొదలుపెట్టినం. ఎప్పుడో పారిన పాత లావా, గుండ్ల మీద గుండ్లు, వాటి మీద దుంకుకుంట పోవాలె. నాకు కొత్తేం కొట్టలే, ఖాజాగూడల పెరిగినోనికి గుండ్లు కొత్తనా? కష్టం టూటిల్ నది లోయల వచ్చింది. గట్టు మొత్తం బూడిద. ఒక అడుగు ఎక్కుతే సగం అడుగు కిందికే జారుతది. ఆడ తాడు కట్టిపెట్టిండ్రు. తాడు పట్టుకొని ఎక్కంగ ఎడమ బూటు నిండ ఇసుకే, మడమకు పొక్కు. కొత్త బూట్లు కొనొద్దని మీ అత్త చెప్పనే చెప్పింది.

హోస్ట్: అత్త వింటున్నది మామా.

మామ: వినని. (నవ్వులు) అది దాటినంక పేలుడు తాకిన జాగ. ఆడ టెంటు వెయ్యనియ్యరు, నేల ఎట్లున్నదో అట్లనే ఉండాలని. అందుకే రెండో రోజు పొద్దుగాల్నే లేచి, ఆ ముక్క మొత్తం ఒక్క బిగిన దాటాలె. చెట్టు లేదు, నీడ లేదు. ఎడమకు స్పిరిట్ లేక్. అప్పుడు కూలిన చెట్ల మొద్దులు 45 ఏండ్ల సంది ఇంకా తేల్తనే ఉన్నయ్. కుడికి బద్దలైన కొండ, లోపల గిన్నె లెక్క. కింద ప్యూమిస్ రాయి, ఇంట్ల మడమలు రుద్దుకుంటం చూడు, అదే. పిడికెడంత ముక్క తీసి మగ్గుల నీళ్ళల్ల ఏసిన. తేలింది! నిండ బుడగలే గదా. మళ్ళ ఎక్కడిదక్కడ పెట్టిన, ఎత్కరావొద్దు.

హోస్ట్: నువ్వు ఫోన్ల ఏదో అన్నవ్, నేల వయసు గురించి...

మామ: అదే. నేను పుట్టింది 75ల. ఆ నేల పరుచుకున్నది 80ల. నాకన్న అయిదేండ్లు చిన్నది! ఇక్కడ మన బాల్కనీ ముంగటి ఈ గుండుకేమో దగ్గర దగ్గర 250 కోట్ల ఏండ్లంటరు. లావా కావాలంటే మనకూ వికారాబాద్ దిక్కున్నది, అనంతగిరి కింద. ఆ నల్లరేగడి అంత లావా రాయి చివికిందే. అయితే అది కొండ పేలింది కాదు, నేల చీలి పారింది, అదీ ఆరున్నర కోట్ల ఏండ్ల కిందట. నేను చిన్నప్పుడు చెడ్డీల తిరిగిన రోజుల్ల పుట్టిన నేల మీద నడుసుడు మాత్రం... ఏమో, తమ్ముడి పెండ్లికి పోయినట్టే అనిపించింది.

హోస్ట్: ఏమన్న మొలిచిందా ఆడ?

మామ: ఊదారంగు పూలు, లూపిన్. ఆ ప్యూమిస్ మైదానంల మొదలు మొలిచింది అదే అంట. దాని కాయ చూస్తే చిక్కుడుకాయ లెక్కనే ఉన్నది. మన కంది, పెసర జాతే, గాలిల నత్రజనిని వేరు బుడిపెలల్ల పట్టుకుంటది. మా నాయన ఉంటే "కంది ఏస్తే నేల బలపడ్తదని నేను చెప్పలేదారా" అంటుండె.

హోస్ట్: మరి కేకు?

మామ: ఆ రాత్రి ప్లెయిన్స్ ఆఫ్ అబ్రహాం అనే మైదానంల పండుకున్నం. గాలికి టెంటు రాత్రంత కొట్టుకుంటనే ఉండె. తెల్లారితే నా పుట్టినరోజు. డబ్బాల మీ అమ్మ ఇచ్చిన సకినాలు. మూడు రోజుల మోతకు మొత్తం నూక అయినయ్. మావోడు వేడినీళ్ళ ఉప్మా మీద ఆ నూక చల్లి, నెత్తికి కట్టుకునే హెడ్‌లైట్ ఎలిగించి "ఊదు నాయనా" అన్నడు. ఊదిన. వాడు బటన్ ఒత్తి ఆర్పిండు.

హోస్ట్: (నవ్వులు) మా అమ్మకు చెప్పకు, సకినాలు నూకైనయని.

మామ: చెప్పిన. మళ్ళ చేసి పంపింది. ఇగ ఇంటికొచ్చినంక బూట్లు దులుపుదామని చూస్తే మీ అత్త తులసి దగ్గర వద్దన్నది. ఈ కరివేపాకు కుండీల దులిపిన.

హోస్ట్: ఏమన్న ఏపుగ పెరిగిందా?

మామ: ఏం పెరుగుతది బిడ్డా, రెండు చెంచాల బూడిదకు! ఎప్పటి లెక్కనే ఉన్నది. దా, పప్పుల పోపుకు నాలుగు రెబ్బలు తెంపు.