ఐదు బస్తాలా, ఇరవై రోజులా?

(విజయవాడ స్టూడియోలో రికార్డు చేసిన చర్చకు ఇది అక్షర రూపం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట కాస్త సర్దాం, మిగతాదంతా అన్నది అన్నట్టే ఉంది. పాల్గొన్నవారు: రిటైరైన వరి శాస్త్రవేత్త, తెనాలి వైపు డెల్టా రైతు, గుంటూరు రైస్ మిల్లరు, దేశవాళీ విత్తనాల మీద పనిచేసే కార్యకర్త.)

వ్యాఖ్యాత: నమస్కారం. 2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు కొత్త వరి రకాలు ప్రకటించారు. జన్యు సవరణతో మన దేశంలో వచ్చిన మొదటి వరి రకాలివి. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. రెండోది ఢిల్లీ పూసా సంస్థది, పూసా డీఎస్‌టీ రైస్ 1. ఎక్కడ తయారైనా రెండింటి పుట్టిల్లూ మన జిల్లాలే. కమల బాపట్ల బీపీటీ 5204 నుంచి, అంటే సాంబ మసూరి నుంచి వచ్చింది. పూసా రకం మారుటేరు ఎంటీయూ 1010 నుంచి, అంటే మన కాటన్‌దొర సన్నాల నుంచి. డాక్టరు గారూ, అసలు వీటిని ఏం చేశారు?

శాస్త్రవేత్త: ముందు కమల సంగతి చెప్తాను. వరి కంకి తయారయ్యేటప్పుడు సైటోకైనిన్ అనే హార్మోను పనిచేస్తుంది. అది నిలిచిన కొద్దీ కంకికి గింజలు ఎక్కువ కడతాయి. మొక్కలోనే దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది, దాన్ని తయారుచేసే జన్యువు సీకేఎక్స్2. క్రిస్పర్ పద్ధతిలో ఆ జన్యువుని ఒకచోట తెంపారు. తెగినచోట మొక్క తనే అతుకు వేసుకుంటుంది, ఆ అతుకు మునుపటిలా ఉండదు. జన్యువు మందగిస్తుంది, హార్మోను నిలుస్తుంది, గింజలు పెరుగుతాయి.

రైతు: అంటే మన బీటీ పత్తి లాంటిదేనా?

శాస్త్రవేత్త: కాదండీ. బీటీ పత్తిలో మట్టి బాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టారు. 2002లో అనుమతి వచ్చింది, గుంటూరు జిల్లా రైతుకి నేను చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ వరిలో ఉన్నదాన్నే మార్చారు. పైగా ఇది ప్రకృతిలో లేని మార్పేమీ కాదు. హబటాకి అనే వరి రకంలో ఈ జన్యువు సహజంగానే మందకొడిగా ఉందని, దాని కంకికి గింజలెక్కువ ఉండటానికి కారణం అదేనని జపాన్ వాళ్లు 2005లోనే చూపించారు.

కార్యకర్త: ఒక్క మాట. కత్తిరించే పనిముట్టుని మొక్కలోకి పంపాలంటే ముందు బయటి డీఎన్ఏ పెట్టక తప్పదు గదా సార్? ఆ ముక్క మీరు చెప్పలేదు.

శాస్త్రవేత్త: పెడతారు. తర్వాతి తరాల్లో అది లేని మొక్కల్ని ఏరి, వాటినే ముందుకు తీసుకెళ్తారు. ఆ ఏరివేత సరిగ్గా జరిగిందో లేదో పరీక్షించి చూపించాలి. మేడమ్ అడగడంలో తప్పులేదు.

కార్యకర్త: పరీక్షించేది ఎవరు? 2022 మార్చి 30న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇలాంటి రకాలకి 1989 నిబంధనల్లోని ముఖ్యమైన వాటి నుంచి మినహాయింపు ఇచ్చేసింది. బీటీ పత్తి దాటిన గడప ఇది దాటక్కర్లేదు. సంస్థల స్థాయి కమిటీలు చూసి సరే అంటే చాలు. రకం మంచిదో చెడ్డదో తర్వాత మాట్లాడదాం, ఇంటివాళ్లే ఇంటిని తనిఖీ చేస్తే ఎట్లా?

వ్యాఖ్యాత: దానికి మళ్లీ వద్దాం మేడమ్. బాబాయి గారూ, 19 శాతం ఎక్కువ దిగుబడి అంటున్నారు. మీకేమనిపిస్తోంది?

రైతు: అమ్మా, శాతాలు, హెక్టార్లు మాకెందుకు? ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పమనండి. 75 కిలోల బస్తా.

శాస్త్రవేత్త: హెక్టారుకి సాంబ మసూరి నాలుగున్నర టన్నులు, కమల 5.37 టన్నులు అని సంస్థ చెప్పింది. మీ లెక్కలో ఎకరానికి 24 బస్తాల చోట 28, 29 బస్తాలు.

రైతు: మా పొలంలో మంచి ఏడాది బీపీటీలే ముప్పై దాటతయ్.

శాస్త్రవేత్త: దాటతాయి, నాకు తెలుసు. అది దేశంలో చాలాచోట్ల వేసి చూసిన సగటు. కృష్ణా కాలువ కింద నల్లరేగడి ఒకటి, ఇంకెక్కడో మెట్ట దగ్గరి నేల ఒకటి.

కార్యకర్త: ఆ సగటు మీదే గొడవ. అఖిల భారత వరి పరీక్షల నివేదికల్లోని అంకెలు చూపించి, కొన్ని కేంద్రాల్లో కమల తల్లి రకాన్ని మించలేదని జన్యుమార్పిడి వ్యతిరేక సంఘాలు అన్నాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి, అదే ఐసీఏఆర్, ఖండించింది. సరే, ఖండించారు. కేంద్రాలవారీ అంకెలన్నీ తెలుగులో పెట్టండి, మా రైతే చదువుకుంటాడు.

మిల్లరు: నాకూ అక్కడే ఒక అనుమానం ఉందండీ. కంకికి గింజలు పెరిగితే సరిపోదు, పాలు పోసుకుని నిండాలి. నిండకపోతే తాలు. తాలు పోతే తూకం ఎక్కడిది? అదీగాక బీపీటీ అంటే గుంటూరులో ఎవరైనా ఎందుకు కొంటారు? అన్నం పొడిపొడిగా, సన్నగా, తేలిగ్గా ఉంటుందని. మరపట్టినప్పుడు నూక ఎంత పోతోంది, ఆరు నెలలు పాతబడ్డాక అన్నం ఎట్లా ఉంటోంది అన్నవి మిల్లులో తేలాలి. బియ్యం నాణ్యత తల్లి రకం లాగే ఉందని సంస్థ అంటోంది. నా మిల్లులో ఒక లోడు ఆడించేదాకా నేను మాత్రం ధర చెప్పను.

శాస్త్రవేత్త: తాలు గురించి ఆయన అన్నది నిజం. గింజల సంఖ్య పెంచిన ప్రతిచోటా ఆ సమస్య వెంట వస్తూనే ఉంది. ఇంకోటి కూడా చెప్పాలి. మార్చింది ఒక్క జన్యువునే. తల్లి రకానికి అగ్గితెగులు, దోమ అంటే ఉన్న బలహీనత ఎక్కడికీ పోదు. ఎండాకు తెగులుకి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి ఇచ్చాయి. అదీ మామూలు సంకరణంతో, ఏళ్ల తరబడి కూర్చుని. అసలు బీపీటీ మాత్రం? జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి. ఈ మూడిటినీ కలిపి, వడగట్టి, 1986లో బాపట్ల విడుదల చేసింది. నలభై ఏళ్లు కావస్తోంది. ఈ రోజున కూడా ప్రపంచస్థాయి టెక్నాలజీ వాడినవాళ్లు వెతుక్కుంటూ వచ్చింది ఆ రకం దగ్గరికే.

(ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతు కొంచెం పెరిగింది. బాపట్లలో పనిచేసినవాళ్లకి ఆ మాత్రం హక్కుంది.)

వ్యాఖ్యాత: ఇరవై రోజుల సంగతి ఇంకా రాలేదు. కమల 130 రోజులకే కోతకొస్తుందన్నారు.

రైతు: అదీ, అది చెప్పండి! ఐదు బస్తాలు ఇచ్చినా ఇయ్యకపోయినా ఆ ఇరవై రోజులు నాకియ్యండి.

వ్యాఖ్యాత: ఎందుకంటారు?

రైతు: కాలవకి నీళ్లు ఎప్పుడొస్తయ్యో మన చేతిలో లేదు గదమ్మా. నారు పోసి ఊడ్చేసరికి ఆగస్టు నడుస్తా ఉంటది. బీపీటీలకి నూట యాభై రోజులు. డిసెంబరు మొదట్లో కోత. 2023 గుర్తుందా? మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. కొందరివి ఓదెల మీద ఉన్నయ్, కొందరివి కోతకు సిద్ధంగా నిలబడి ఉన్నయ్. నీళ్లలో పడి కంకుల మీదే మొలకలొచ్చినయ్. ఇరవై రోజుల ముందైతే వడ్లు అమ్ముకుని డబ్బు కూడా లెక్కపెట్టుకునేవాళ్లం.

కార్యకర్త: బాబాయి గారూ, దివిసీమ ఉప్పెన వచ్చింది నవంబరు 19న. 1977లో. మొన్న మొంథా వచ్చింది 2025 అక్టోబరు 28న. ముందుకి జరిగినంత మాత్రాన తుపాను వదిలిపెడుతుందా? అక్టోబరు ఆఖరులో పాలు పోసుకునే కంకి ఉంటే అప్పుడు ఇంకా నష్టం.

రైతు: (కొంచెం ఆగి) అదీ నిజమే. తుపానుకి తేదీ లేదు.

శాస్త్రవేత్త: నేనూ ఆమెతో ఏకీభవిస్తాను. తుపాను నుంచి కాపాడే విత్తనం అని కమలను అమ్మకూడదు. అసలు లాభం వేరే ఉంది: రెండో పంట. మాగాణి మినుముకి నవంబరు మధ్య నుంచి అదును. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదును మీద మినుములు చల్లితే ఆ తేమకే మొలిచి, మంచుకే పెరిగే పంట అది. గుంటూరు లాం ఫారం ఎల్‌బీజీ మినుము రకాలు ఈ మాగాణి పద్ధతి మీదే ఇంత పేరు తెచ్చుకున్నాయి. డిసెంబరు దాటి చల్లితే దిగుబడి పడిపోతుంది, తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు తోడవుతుంది. వరి ఆలస్యమైతే నష్టపోయేది మినుము.

రైతు: కోత మిషన్లు వచ్చినాక మినుము చల్లడం తగ్గింది సార్. చక్రాల కింద మొలక నలిగిపోతంది. మా వైపు చాలామంది దుక్కి లేకుండా మొక్కజొన్న పెడతన్నారు. దానికైనా అంతే, పొలంలో చెమ్మ ఉండగా పెట్టాలి. శివారు పొలాలకి ఆఖరి తడులు ఎట్లాగూ అందవు, ఇరవై రోజులు తగ్గితే ఆ తడుల బెంగ కూడా తగ్గుద్ది.

వ్యాఖ్యాత: అయితే మీరు వేసేస్తారా?

రైతు: నేనొక్కణ్నే ఎట్లా వేస్తానమ్మా? చుట్టూ పచ్చగా ఉండి నాదొక్కటే పండిందనుకో, ఊళ్లో పిట్టలు, ఎలకలు అన్నీ నా చేలోనే. సరే, అదీ ఓర్చుకుంటా. మిషను నా చేలోకి ఎట్లా రావాల? మా దగ్గర చేనుకొక డొంక లేదు, పై చేను మీదుగా దిగాల. పై చేలో నీళ్లు నిలబెట్టి ఉంటయ్, ఆయన బీపీటీలు ఇంకా పాల మీద ఉంటయ్. ఆయన నీళ్లు తీయడు, నా చేను ఆరదు. ఇరవై రోజులు ముందు పండినా చివరికి ఆయనతో పాటే కొయ్యాల.

(స్టూడియోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు చర్చ మొత్తంలో ఇంత పనికొచ్చే మాట ఇంకొకటి రాలేదని మా అభిప్రాయం.)

శాస్త్రవేత్త: ఇది మా పరీక్షల్లో కనపడదండీ. మాకు కేంద్రంలో మడికి మడికి గట్టు, కాలువ, దారి అన్నీ విడిగా ఉంటాయి.

మిల్లరు: ఇంకోటి బాబాయ్. నువ్వు నవంబరులో తెస్తే తేమ సంగతేంది? 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఎండ చాలని రోజులు, రోడ్ల మీద ఆరబోయాల్సిందే.

రైతు: డిసెంబరులో మాత్రం మీరు తేమ చూడకుండా తీసుకుంటన్నారా ఏంటి?

(నవ్వులు.)

వ్యాఖ్యాత: నాగాయలంక నుంచి ఒక రైతు ఫోన్లో ఉన్నారు. చెప్పండి.

ఫోన్లో రైతు: మాది ఉప్పు నేలండీ. చుట్టూ రొయ్యల చెరువులు. సార్వా ఒక్కటే, దాళ్వా లేదు. ఆ రెండో రకం మాలాంటి వాళ్ల కోసమేనా?

శాస్త్రవేత్త: ఆ ఉద్దేశంతోనే చేశారు. డీఎస్‌టీ అనే జన్యువుని సవరిస్తే ఆకు మీద రంధ్రాలు తగ్గుతాయి, నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది. తీరప్రాంత ఉప్పు నేలల్లో ఎంటీయూ 1010 కంటే 30.4 శాతం, లోతట్టు ఉప్పు నేలల్లో 9.66 శాతం ఎక్కువ వచ్చిందని ప్రకటించారు. కానీ ఒకటి గమనించండి. ఆ పోలిక ఎంటీయూ 1010తో. ఉప్పు నేలలో అది పండేదే కొంచెం. ఆ కొంచెం మీద ముప్పై శాతం ఎంతో మీరే లెక్కేసుకోండి. ఇప్పుడు మీరు వేస్తున్న రకంతో పక్కపక్కన పెట్టి చూడకుండా మారవద్దు.

ఫోన్లో రైతు: విత్తనం ఎప్పుడు దొరుకుద్ది మరి?

శాస్త్రవేత్త: ప్రకటించిన మర్నాడే సంచుల్లో రాదండీ. బ్రీడరు విత్తనం, దాన్నుంచి ఫౌండేషన్, దాన్నుంచి సర్టిఫైడ్. ఒక్కో మెట్టుకీ ఒక్కో పంటకాలం. ఈలోగా ఎవరైనా కమల అనో పూసా అనో పేరు చెప్పి అమ్మితే కొనొద్దు, బిల్లు అడగండి.

కార్యకర్త: ఆలస్యానికి పేటెంట్లు కూడా కారణం. క్రిస్పర్‌కి 2020లో షార్పెంటియే, డౌడ్నా నోబెల్ తీసుకున్నారు, సంతోషం. దాని మూల పేటెంట్లు మాత్రం విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. బాపట్ల రైతుల పన్నుల డబ్బుతో పుట్టిన రకం, జనం చేతి నుంచి చేతికి పంచుకుని దేశమంతా పాకించిన రకం. దాని మనవరాలికి రేపు ఎవరికో రుసుము కట్టాలా?

శాస్త్రవేత్త: 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. కమల హైబ్రిడ్ కాదు, సూటి రకం కాబట్టి దాచిన విత్తనం బాగానే పండుతుంది. ఆ హక్కు కమలకి కూడా వర్తిస్తుందని ప్రభుత్వం విడుదల కాగితంలోనే రాసివ్వాలి. ఇందులో నాకూ మేడమ్‌కీ తేడా లేదు.

కార్యకర్త: బియ్యం సంచి మీద కూడా రాయాలి. తినేవాళ్లకి తెలియాలి.

మిల్లరు: మిల్లులో ఎవరివి ఎవరివో విడిగా పెట్టడం అయ్యే పనేనా మేడమ్? పది ఊళ్ల ధాన్యం ఒకే గోదాంలోకి వస్తుంది.

కార్యకర్త: పాత బియ్యం, కొత్త బియ్యం విడిగా పెట్టగలుగుతున్నారుగా.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. బాబాయి గారూ, హైదరాబాద్ వాళ్లు వింటున్నారనుకోండి, ఏమడుగుతారు?

రైతు: ఒక ఎకరం ప్రదర్శన చేను పెట్టి, బోర్డు కట్టి, ఫొటో దిగి పోవద్దంటా. చేలకి నీళ్లు తెచ్చే ఒక పంట బోదె కింద ఎంత ఆయకట్టు ఉందో అంతా ఒకే ఏడాది కమల వేయించమనండి. అందరం ఒకేసారి నీళ్లు తీస్తాం, ఒకేసారి మిషను దిగుద్ది, మినుమో మొక్కజొన్నో ఒకేసారి పెడతాం. పక్క బోదె కింద బీపీటీలు ఉంచండి. రెండు పంటల లెక్కా కలిపి చూడండి.

శాస్త్రవేత్త: ఒక బోదె అంటే ఎంత ఉంటుంది మీ దగ్గర?

రైతు: మాదైతే ముప్పై, నలభై ఎకరాలు. పదిహేను మంది రైతులం.

శాస్త్రవేత్త: పదిహేను మందీ ఒప్పుకుంటారా?

రైతు: పంట పోతే ఎవరు కడతారో ముందే కాగితం మీద పెడితే ఒప్పుకుంటారు. కౌలు రైతులు ఆరుగురు ఉన్నారు, వాళ్ల పేర్లు కూడా ఆ కాగితంలో ఉండాల.

మిల్లరు: ఆ ధాన్యం నేను విడిగా ఆడించి పెడతా. నూక ఎంతొచ్చిందో అందరి ముందూ తూకం వేద్దాం.