పైన రాసిన లైసెన్సు, లోపల ఉన్న ఫైలు: ఒక చర్చ

సంధానకర్త: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడుకునే ఇతరుల లైబ్రరీల (సిద్ధంగా దొరికే కోడ్ భాగాల) హక్కులను ఎంత లోతుగా పరిశీలించాలన్నది ఈనాటి అంశం. ఇంజినీరు గారూ, మీరు 2021 నాటి ఉదంతంతో మొదలుపెట్టండి.

ఇంజినీరు: రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైలు ఏ రకానిదో గుర్తించే మైమ్‌మ్యాజిక్ అనే చిన్న లైబ్రరీ షరతులు చాలా తక్కువగా ఉండే ఎం.ఐ.టి. లైసెన్సుతో వెలువడుతూ ఉండేది. అయితే ఫ్రీడెస్క్‌టాప్ అనే ప్రాజెక్టు వారు జీపీఎల్ కింద, అంటే దాన్ని చేర్చుకుని పంచే కోడ్ కూడా అదే లైసెన్సుతో ఉండాలన్న షరతుతో, ఇచ్చిన ఫైలు రకాల పట్టిక అందులో యథాతథంగా చేరి ఉంది. ఆ సంగతి బయటపడగానే, 2021 మార్చిలో, దాని నిర్వాహకుడు పాత వెర్షన్లను రూబీ లైబ్రరీలు దొరికే రూబీజెమ్స్ సైటు నుంచి తొలగించి, కొత్త వెర్షన్‌ను జీపీఎల్ కింద విడుదల చేశారు. రూబీలో వెబ్‌సైట్లు నిర్మించడానికి వాడే రైల్స్ దాన్ని నేరుగా తీసుకోలేదు. మార్సెల్ అనే మరో లైబ్రరీ ద్వారా వచ్చి చేరింది. అందుకే మైమ్‌మ్యాజిక్ పేరే విననివారి ప్రాజెక్టులు కూడా ఇన్‌స్టాల్ కాకుండా ఆగిపోయాయి.

సంధానకర్త: తప్పు ఆ నిర్వాహకుడిదేనా?

న్యాయవాది: నేను ఆయనను తప్పుపట్టను. పొరపాటు తెలిసిన వెంటనే సరిదిద్దారు. నాకు బాధ కలిగించేది వేరే విషయం: ఆ పట్టిక మొదట్లోనే జీపీఎల్ ప్రస్తావన ఉంది. లైబ్రరీ పైన రాసి ఉన్న లైసెన్సుతో సరిపెట్టుకోకుండా లోపలి ఫైలును ఒక్కసారి తెరిచి చూసినవారికి అది కనిపించి ఉండేది.

ఇంజినీరు: పరిష్కారం మాత్రం త్వరగానే దొరికింది. జీపీఎల్ షరతు లేని అపాచీ టికా అనే మరో ప్రాజెక్టు పట్టికను ఆధారం చేసుకుని మార్సెల్‌ను మార్చారు. మార్చి 26న రైల్స్ కొత్త వెర్షన్లు వచ్చాయి.

సంధానకర్త: వందలకొద్దీ లైబ్రరీలను మనిషి చదవగలడా?

న్యాయవాది: అన్నీ చదవనక్కరలేదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు వేదికైన ఎక్లిప్స్ ఫౌండేషన్‌లో లైసెన్సులు సరిచూసే డాష్ అనే సాధనం ఉంది. అది ప్రాజెక్టు ఇచ్చిన డిపెండెన్సీల (అది ఆధారపడే లైబ్రరీల) జాబితాను సంస్థ సొంత రికార్డులతోనూ లైసెన్సుల వివరాలు సేకరించే క్లియర్లీడిఫైన్డ్ సమాచారంతోనూ పోల్చి, తేలనివాటిని విడిగా చూపుతుంది; వాటిని మేధోసంపత్తి బృందం పరిశీలిస్తుంది.

ఇంజినీరు: ఆ జాబితాలో పరోక్షంగా చేరే లైబ్రరీలు కూడా ఉండాలని నా పట్టుదల. మైమ్‌మ్యాజిక్ వచ్చింది ఆ దారిలోనే కదా.

న్యాయవాది: ఒప్పుకుంటాను. ఆమోదం లైబ్రరీ పేరుకు కాక వెర్షన్‌కు ఇవ్వాలని కూడా చేర్చండి. మైమ్‌మ్యాజిక్ లైసెన్సు మారింది వెర్షన్ మారినప్పుడే.