మళ్ళీ రన్ చేస్తే పాసయింది

(ఒక ఇంజనీరింగ్ కళాశాలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, కుర్చీలు చాలక వెనక నిలబడి వింటున్న విద్యార్థులకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు, వారికి కృతజ్ఞతలు. సన్మానం సభ చివర పెట్టుకుందామని నేనే కోరాను. ఉన్న సమయమంతా మాటకే కావాలి.

కరపత్రంలో నా అంశం ‘ఓపెన్ సోర్స్‌లో ఉద్యోగావకాశాలు’ అని వేశారు. ఉద్యోగాల గురించి చెప్పేవారు మీకు చాలామంది ఉన్నారు. నేను ఈరోజు ఒకే ఒక్క వాక్యం గురించి మాట్లాడతాను. మన వృత్తిలో ఏ ఆఫీసుకు వెళ్ళినా రోజూ వినిపించే వాక్యం అది: ‘మళ్ళీ రన్ చేస్తే పాసయింది.’ ఈ మాట విన్న ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. ఎందుకో చెబుతాను.

ముందు ఏ సాఫ్ట్‌వేర్ సంగతి చెబుతున్నానో చూడండి. మీ ల్యాబ్‌లో లినక్స్ ముందు కూర్చుని ఎల్‌ఎస్ అని కొడితే ఫైళ్ళ జాబితా వస్తుంది. సీపీ కాపీ చేస్తుంది, ఆర్‌ఎం తీసేస్తుంది, సార్ట్ వరుసలో పెడుతుంది, డేట్ తేదీ చెబుతుంది. ఇలాంటి కమాండ్లు వందకు పైగా ఉన్న మూట గ్నూ కోర్‌యుటిల్స్. దాని పక్కనే బాష్ (కమాండ్లు నడిపేది), సుడో (అధికారం ఇచ్చేది), టార్, ఎక్స్‌జెడ్ (ఫైళ్ళను మూటగట్టి కుదించేవి) లాంటివి. ప్రపంచంలోని సర్వర్లలో అత్యధిక భాగం వీటి మీద ఆధారపడి నడుస్తుంది. వీటిలో చాలావాటిని చూసుకునేవారు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. కొన్నింటికి ఒక్కరే. జీతం లేని ఒక్కరు.

ఇంత పాత కోడ్‌లో బగ్గులు ఇంకా ఉంటాయా అని మీకు అనిపించవచ్చు. 2014లో బయటపడిన షెల్‌షాక్ అనే లోపం బాష్‌లో 1989 నుంచీ ఉంది. 2021లో సుడోలో బయటపడిన లోపం 2011లో చేసిన ఒక మార్పుతో వచ్చింది. మామూలు యూజర్‌గా లాగిన్ అయినవారెవరైనా పాస్‌వర్డ్ లేకుండా రూట్, అంటే మెషీన్ మీద సర్వాధికారం ఉన్న యూజర్, అయిపోగలిగేంత లోపం పదేళ్ళ పాటు అందరి మెషీన్లలో ఉంది. కోడ్ అందరికీ కనబడుతూనే ఉంది. కనబడటం వేరు, ఎవరో ఒకరు కూర్చుని చూడటం వేరు.

ఇక టెస్టుల దగ్గరికి వస్తాను. ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా ముందు టెస్టులు రన్ చేస్తాం. పాసయితే పచ్చ, ఫెయిలయితే ఎరుపు. వీటిలో కొన్ని కోడ్ మారకపోయినా ఒకసారి పాసవుతాయి, ఇంకోసారి ఫెయిలవుతాయి. వాటిని ఫ్లేకీ టెస్టులంటారు. వచ్చి పోయే జ్వరం లాంటివి ఇవి. జ్వరం తగ్గినప్పుడు థర్మామీటరు పెట్టి ‘నార్మల్’ అని రాసే వైద్యుడి దగ్గరికి మీ తల్లిదండ్రులను పంపుతారా? మరి మనం ప్రతిరోజూ చేస్తున్నది అదే.

నేను దగ్గరగా చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. చిన్న బ్యాకప్ యుటిలిటీ. మారిన ఫైళ్ళను మాత్రమే కాపీ చేయడం దాని పని. అందులో ఒక టెస్టు ముందు ‘పాత’ అనే ఫైలు తయారు చేస్తుంది, వెంటనే ‘కొత్త’ అనే ఫైలు తయారు చేస్తుంది, రెండోది మొదటిదాని కంటే కొత్తదేనా అని అడుగుతుంది. అవుననే సమాధానం రావాలి కదా. పాత, నెమ్మది మెషీన్లలో ఎప్పుడూ వచ్చేది. వేగమైన మెషీన్ల మీద అప్పుడప్పుడూ కాదని వచ్చేది. ఎవరో దానికి ‘ఒక సెకను ఆగు’ అని ఒక స్లీప్ చేర్చారు. టెస్టు పచ్చబడింది, అందరూ మరిచిపోయారు.

ఆ స్లీప్ తీసేసి, ఫెయిలయ్యే దాకా తిప్పి, ఆ రెండు ఫైళ్ళ సమయాలూ పూర్తిగా ముద్రించి చూశాను. సెకను తర్వాత బిందువు, దాని తర్వాత తొమ్మిది అంకెలు. రెండు ఫైళ్ళకూ ఆ తొమ్మిది అంకెలూ అచ్చంగా ఒక్కటే. రెండు వేర్వేరు ప్రోగ్రాములు, ఒకదాని తర్వాత ఒకటి నడిచి చేసిన ఫైళ్ళకు నానోసెకను తేడా కూడా లేకపోవడం ఎలా సాధ్యం? కారణం కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, ఉంది. ఫైలుకు సమయం వేసేటప్పుడు లినక్స్ ప్రతిసారీ అసలు గడియారాన్ని చదవదు, ఆ పనికి ఖర్చు ఎక్కువ. చివరి టిక్ (కెర్నెల్ గడియారపు ఒక్కో కొట్టుడు) దగ్గర గుర్తుపెట్టుకున్న సమయాన్నే వేసేస్తుంది. సెకనుకు 250 టిక్కులుండే కెర్నెల్‌లో ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య 4 మిల్లీసెకన్లు. ఆ 4 మిల్లీసెకన్లలో పుట్టిన ఫైళ్ళన్నిటికీ ఒకటే జన్మ ముహూర్తం. కొత్త కెర్నెళ్ళలో దీన్ని కొంత సరిచేశారు. పాతవి ఇంకా ఎన్నో సర్వర్లలో నడుస్తున్నాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. టెస్టును సరిచేయడం తేలిక: ఫైళ్ళకు సమయం మనమే టచ్ కమాండుతో నిర్దిష్టంగా వేస్తే సరిపోతుంది, స్లీప్ అక్కర్లేదు. కాని ఆ టెస్టు చెబుతున్నది తన గురించి మాత్రమే కాదు, ఆ యుటిలిటీ గురించి కూడా. కాపీ జరిగిన ఆ టిక్కులోనే అసలు ఫైలు మళ్ళీ మారితే, సమయాన్ని మాత్రమే చూసే బ్యాకప్ ఆ మార్పును వదిలేస్తుంది. అంటే ఎవరిదో డేటా పోతుంది. కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే గిట్‌ను రాసినవారికి ఈ ప్రమాదం ముందే తెలుసు. ఇండెక్స్ అనే తన ఫైళ్ళ పట్టీని రాసిన సమయమూ ఫైలు సమయమూ ఒకటైతే గిట్ సమయాన్ని నమ్మదు, ఫైలు లోపలికి వెళ్ళి పోల్చి చూస్తుంది. మా చిన్న యుటిలిటీలో ఆ జాగ్రత్త లేదు. ఆ సంగతి టెస్టు ఎన్నాళ్ళుగానో చెబుతూనే ఉంది. మేం స్లీప్ పెట్టి దాని నోరు మూయించాం.

మళ్ళీ రన్ చేసే బటన్ నొక్కేవారి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. 2016లో గూగుల్ ఇంజనీర్లు తమ లెక్కలు బయటపెట్టారు: మొత్తం టెస్టు రన్నుల్లో దాదాపు 1.5 శాతం ఫ్లేకీ ఫలితాలు, దాదాపు 16 శాతం టెస్టుల్లో ఎంతో కొంత ఈ జబ్బు. పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతం వరకూ ఫ్లేకీ టెస్టులవే. అంత పెద్ద సంస్థలోనే ఎరుపు కనబడితే చాలావరకు ఉత్తుత్తి అలారమన్న మాట. మనుషులు అలారాన్ని నమ్మడం మానేయడంలో వింత లేదు. కాని ఆ 84 పక్కన మిగిలిన 16 ఉంది. నేను పోరాడుతున్నది దాని కోసం.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి. దీని కోసమే నేను ఇంత దూరం వచ్చాను.

2024 మార్చి 29. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ప్రపంచానికి ఒక వార్త చెప్పారు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ యుటిలిటీ 5.6.0, 5.6.1 విడుదలల్లో ఎవరో దొంగతలుపు పెట్టారు. ఎక్స్‌జెడ్ లైబ్రరీ ద్వారా అది దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి చేరుతుంది. అంటే ఆ తాళం చెవి ఉన్నవారు అది చేరిన సర్వర్లలోకి నడిచి రాగలిగేవారు. పెద్ద లినక్స్ పంపిణీల (డిస్ట్రిబ్యూషన్ల) స్థిరమైన విడుదలల్లోకి వెళ్ళకముందే పట్టుబడింది కాబట్టి బతికిపోయాం.

ఆ దొంగ కోడ్‌ను ఎక్కడ దాచారో తెలుసా? టెస్టుల ఫోల్డరులో. కంప్రెషన్ ప్రోగ్రాముకు కావాలని పాడుచేసిన ఫైళ్ళు కూడా టెస్టుకు కావాలి. పాడైన ఫైలు ఇస్తే ప్రోగ్రాము సరిగా తిరస్కరిస్తుందో లేదో చూడాలి కదా. టెస్టుకని పెట్టిన రెండు బైనరీ ఫైళ్ళలో దాచారు. టెస్టుల ఫోల్డరులోకి ఎవరూ తొంగిచూడరని వాళ్ళకు తెలుసు. మన నిర్లక్ష్యం మీద వాళ్ళకున్నంత నమ్మకం మనకు మన టెస్టుల మీద లేదు.

ఇంకా ఉంది. 5.6.0 వచ్చాక కొన్నిచోట్ల వాల్‌గ్రైండ్ అనే మెమరీ తనిఖీ పరికరం తప్పులు చూపించడం మొదలుపెట్టింది. దొంగ కోడ్ సరిగా అతకలేదు, అందుకే ఆ తప్పులు. అప్పుడు మారుపేరు పెట్టుకున్న ఆ దొంగ ఏం చేశాడు? ఆ టెస్టు ఫైళ్ళను మొదట తన మెషీన్‌లో యాదృచ్ఛిక అంకెలతో తయారు చేశానని, మళ్ళీ తయారు చేసుకునే వీలుండాలని వాటిని మార్చుతున్నానని రాసి, కొత్త దొంగ ఫైళ్ళు పెట్టాడు. టెస్టును బాగుచేస్తున్నానంటే ఎవరూ అనుమానించరు, మెచ్చుకుంటారు.

మరి ఫ్రాయిండ్ ఎలా పట్టుకున్నారు? ఆయన వేరే పని మీద మెషీన్ వేగాన్ని కొలుస్తున్నారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోంది, సీపీయూ ఎక్కువ వాడుతోంది. అర సెకను! కొన్ని వారాల ముందు పోస్ట్‌గ్రెస్ ఆటోమేటిక్ టెస్టుల్లో, ప్యాకేజీలు అప్‌డేట్ అయ్యాక, వాల్‌గ్రైండ్ ఏదో వింత ఫిర్యాదు చేసిన సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. రెండూ కలిపి లాగుతూ పోతే డొంకంతా కదిలింది. ఆ వింత ఫిర్యాదును ‘మళ్ళీ రన్ చేస్తే పోతుందిలే’ అని పూర్తిగా మరిచిపోయి ఉంటే? మీరే చెప్పండి.

ఇందులో ఇంకో మనిషి ఉన్నారు, ఆయన గురించి చెప్పకపోతే అన్యాయం. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ళ తరబడి ఒంటరిగా చూసుకున్న లాసే కొల్లిన్. ప్యాచులు (పంపిన కోడ్ మార్పులు) ఎందుకు ఆలస్యమవుతున్నాయని 2022లో కొందరు ఆయన్ని సతాయించారు. ఇది జీతం లేని అభిరుచి పని అని ఆయన గుర్తు చేయాల్సి వచ్చింది. అలాంటి సమయంలో సాయం చేస్తానని వచ్చి, ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించినవాడే దొంగ. రెండేళ్ళకు పైగా ఓపిక పట్టాడు. దొంగకున్న ఓపికలో సగం మంచివారెవరైనా చూపించి ఆయన పక్కన నిలబడి ఉంటే ఆ ఖాళీయే ఉండేది కాదు. ఆ ఖాళీల్లోకి మీరు రావాలని అడగడానికే వచ్చాను.

‘మాకేం వచ్చు’ అనకండి. మీకు మాత్రమే కనబడే బగ్గులున్నాయి. రాత్రి పన్నెండు దాటాక కోడ్ రాసేవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మన గడియారం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం కంటే అయిదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర దాకా మన తేదీ ఒకటి, యూటీసీ తేదీ ఇంకొకటి. స్థానిక తేదీని యూటీసీ తేదీతో పోల్చే టెస్టు పగలంతా పాసవుతుంది, మీరు కూర్చున్న వేళకే ఫెయిలవుతుంది. శీతాకాలంలో లండన్‌లో కూర్చున్నవారికి ఇది కనబడనే కనబడదు. చాలా సర్వర్లు యూటీసీలోనే ఉంటాయి కాబట్టి వాటికీ కనబడదు. సమయ మండలాల తేడా ఎప్పుడూ నిండు గంటల్లోనే ఉంటుందనుకుని రాసిన కోడ్ సంగతి సరేసరి. మన అరగంట దాన్ని బయటికి లాగుతుంది.

భాష సంగతీ అంతే. మాటలు, అక్షరాలు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండుకు ‘తెలుగు’ అనే మాట ఇచ్చి బైట్లు అడిగితే 18 అంటుంది, అక్షరాలు అడిగితే గుణింతపు గుర్తులను విడిగా లెక్కేసి 6 అంటుంది. కంటికి కనిపించేవి మూడు. గ్నూ కట్ కమాండును అక్షరం అడిగినా దశాబ్దాల పాటు బైటే కోసి ఇచ్చింది. తెలుగు అక్షరంలో మూడో వంతు తెగి తెరమీద పడేది. టెస్టులు ఇంగ్లీషు మాటలతోనే రాస్తే ఇలాంటివి ఎన్నటికీ ఎర్రబడవు. తెలుగు పేర్లున్న ఫైళ్ళతో టెస్టు మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

పాత కోడే కాదు, కొత్తదీ అడుగుతోంది. కోర్‌యుటిల్స్‌ను రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాసిన యూయుటిల్స్‌ను ఉబుంటు 25.10లో, 2025 అక్టోబరులో, మామూలు వాడకంలోకి తెచ్చారు. అందులో డేట్ కమాండుకు మైనస్ ఆర్ అని ఒక ఫైలు పేరు ఇస్తే ఆ ఫైలు చివరిసారి మారిన సమయం చెప్పాలి. అది మాట విన్నట్టే విని, ఇప్పటి సమయం చెప్పింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఆ ఒక్క జవాబు మీద ఆధారపడ్డ ఆటోమేటిక్ అప్‌డేట్ల తనిఖీ కొన్ని మెషీన్లలో ఆగిపోయింది. సరిచేసిన ప్యాకేజీ వెంటనే వచ్చింది. కాని ఆ ఆప్షన్‌ను వాడి, వచ్చిన జవాబును ఫైలు సమయంతో పోల్చే టెస్టు నాలుగు లైన్లు. మీ మొదటి సంవత్సరం విద్యార్థి రాయగలిగినది.

కాబట్టి దయచేసి రీడ్‌మీ ఫైలులో ఒక మాట మార్చి ‘నేను ఓపెన్ సోర్స్‌కు సేవ చేశాను’ అనకండి. ఓపెన్ సోర్స్‌కు ప్యాచులు పంపినవారికి టీషర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అనే పండుగలో, 2020లో, టీషర్టు కోసం అలాంటి ప్యాచులు వరదలా వచ్చి పడితే, వాటిని తిప్పికొట్టడానికి మెయింటెయినర్లు (ప్రాజెక్టులను చూసుకునేవారు) అక్టోబరు మొదటి రోజులు పోగొట్టుకున్నారు. చివరికి సమ్మతి తెలిపిన ప్రాజెక్టులకే ఆ పండుగ పరిమితమని నిబంధన మార్చారు. వాళ్ళ సమయం తినే పని వద్దు. వాళ్ళకు తీరిక దొరకక వదిలేసిన పని చేయండి.

ఏం చేయాలంటే, ఒక టెస్టు పట్టుకుని లూప్‌లో పెట్టండి, ఫెయిలయిన చోట ఆపండి, ఆ లాగ్ తుడిచేయకండి. రాత్రంతా పాసయితే మెషీన్ మీద భారం పెంచండి, టెస్టుల వరుస మార్చండి, సమయ మండలం మార్చండి, వేరే ఫైల్‌సిస్టమ్ మీద పెట్టండి. స్లీప్ కనబడితే ఎందుకుందో అడగండి. 2014లో ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అపాచీ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టుల ప్యాచులు వెతికి చూస్తే, వారు వర్గీకరించిన వాటిలో దాదాపు 45 శాతం ఇలా ‘ఇంతసేపు ఆగితే చాలు’ అనుకున్న చోటే విరిగాయి. కోర్‌యుటిల్స్‌లో టెయిల్ కమాండు టెస్టులు తెరిచి చూడండి. అక్కడ గుడ్డిగా ఆగరు. కావలసినది జరిగిందా అని చూస్తారు, జరగకపోతే సెకనులో పదో వంతు ఆగి మళ్ళీ చూస్తారు, ప్రతిసారీ ఆ వ్యవధిని రెట్టింపు చేస్తారు. చదివి నేర్చుకోదగ్గ కోడ్ అది. స్కిప్ అయిన టెస్టుల జాబితా కూడా చదవండి. రూట్ కావాలనో, ఫలానా లొకేల్ (భాష, ప్రాంతపు అమరిక) లేదనో రన్ కాకుండానే తప్పుకున్నవి అక్కడుంటాయి. ఎరుపు కాదు కాబట్టి వాటి మొహం ఎవరూ చూడరు.

అధ్యాపకులను ఒకటి అడుగుతాను. చివరి సంవత్సరం ప్రాజెక్టు పేరుతో బయట కొనుక్కొచ్చిన అటెండెన్స్ సిస్టం మీకు మాత్రం ఎన్నిసార్లని చూడబుద్ధవుతుంది? దాని బదులు ఒక ఫ్లేకీ టెస్టుకు మూలకారణం కనిపెట్టి, రుజువుతో రాసి, ప్యాచ్ పంపినవారికి అన్ని మార్కులూ ఇవ్వండి. ప్యాచ్ తీసుకోకపోయినా ఇవ్వండి. ప్రిన్సిపాల్ గారూ, ఇది మీ చేతిలో ఉన్న పని. ఈ సంవత్సరమే మొదలుపెట్టమని అందరి ముందూ అడుగుతున్నాను.

మధ్యాహ్నం రెండింటి నుంచి ల్యాబ్ తెరిచి ఉంచుతామన్నారు. కోర్‌యుటిల్స్ సోర్సు కొన్ని పెన్‌డ్రైవులలో పెట్టుకొచ్చాను, నెట్ కోసం ఆగనక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఉన్నవారు తెచ్చుకోండి, లేనివారు పక్కవారితో కూర్చోండి. కంపైల్ చేసి, టెస్టులన్నీ నడిపే మేక్ చెక్ కొడదాం. ఏ టెస్టు ఎవరి మెషీన్‌లో ఎర్రబడితే దాని పేరు బోర్డు మీద రాయండి. రాసేదాకా ఎవరూ రెండోసారి రన్ చేయవద్దు.