తొక్కలో పరిశోధన

(సైన్స్ దినోత్సవం నాడు తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను పనిచేసేది మామిడి తొక్క మీద. మా ఇంట్లో దానికి పెట్టిన పేరు "తొక్కలో పరిశోధన". నవ్వండి, నాకు అలవాటే.

జూన్‌లో చిత్తూరు వైపు వెళ్తే పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరి కనిపిస్తాయి. గుజ్జు డబ్బాల్లోకి పోతుంది. తొక్క, టెంక కుప్పలు పడి పులిసిన వాసన కొడతాయి. ఆ తొక్క తాజాగా ఉన్నప్పుడే బుట్టెడు తెచ్చి, కడిగి, నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్ కలిపిన నీళ్లలో నానబెట్టి వడగడతాం. ఆ పసుపు రసంలో మాంగిఫెరిన్, గాలిక్ ఆమ్లం, క్వెర్సెటిన్ జాతి పదార్థాలు ఉంటాయి. అన్నిటికీ కలిపి పాలీఫినాల్స్ అని పేరు. నాలుకకు తగిలే వగరులో చాలా వరకు వీటిదే. చెట్టు వీటిని మన కోసం చేసుకోలేదు. పురుగు, బూజు, ఎండ నుంచి తనను కాచుకోవడానికి చేసుకుంది.

మరి కణానికి వీటితో పనేమిటి? దెబ్బ తగిలినప్పుడు పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది, చూసే ఉంటారు. మన రక్తంలో, కణాల్లో ఉన్న కాటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరగ్గొడుతోందన్న మాట. ఒక్క కాటలేజ్ అణువు సెకనుకు లక్షల సంఖ్యలో పెరాక్సైడ్ అణువులను విరగ్గొట్టగలదు. ఇంత వేగం ఎందుకంటే, ఆ విషం బయట నుంచే రావాలని లేదు. కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా శక్తి తయారుచేస్తుంటే కొంత ఆక్సిజన్ దారి తప్పి సూపర్ ఆక్సైడ్ అవుతుంది, అది పెరాక్సైడ్ అవుతుంది. దానికి ఇనుము తోడైతే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది డీఎన్‌ఏనైనా, కొవ్వు పొరనైనా వదలదు. పుట్టేది ఎక్కువై, అణచే శక్తి చాలకపోతే దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. ఆ అణచే పనిలో పాలీఫినాల్స్ కణానికి సాయపడతాయా అన్నదే మా ప్రశ్న.

మొక్కల రసాలకు మొదట చేసే పరీక్ష చాలా తేలిక. డీపీపీహెచ్ అనే వంకాయ రంగు ద్రావణంలో రసం చుక్క వేస్తే రంగు పోయి పసుపు తేలుతుంది. రసం ఎలక్ట్రాన్ ఇచ్చిందని అర్థం. ఈ పరీక్షలో ఉసిరి నెగ్గుతుంది, టీ నెగ్గుతుంది, మా తొక్కా నెగ్గుతుంది. నన్నడిగితే, ఇందులో నెగ్గని మొక్కను వెతకడమే కష్టం. పత్రికల్లో వచ్చే "ఫలానా ఆకు అద్భుతం" వార్తలు చాలా వరకు ఇక్కడే ఆగిపోతాయి.

కణాల దగ్గరికి వస్తే కథ వేరు. 96 గుంటల ప్లేటులో కాలేయ కణాలను పెంచి, పెరాక్సైడ్ ఇచ్చి, మా రసం కలిపాను. ఎన్ని బతికాయో తెలియడానికి ఎంటీటీ అనే పసుపు రంగు వాడతాం. బతికున్న కణం దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది. గమనించండి, అక్కడ ఊదా పోతే మంచిది, ఇక్కడ ఊదా వస్తే మంచిది. నా ప్లేటులో ఊదా చిక్కగా వచ్చింది. పెరాక్సైడ్ తగలని కణాల కంటే కూడా చిక్కగా! స్వీట్లు తెప్పిద్దామనుకున్నాను. మైక్రోస్కోప్‌లో మాత్రం కణాలు గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి, చచ్చినవాటిలా.

మా గైడ్ గారు ఒకటే అడిగారు: "కణాలు లేని గుంటలో వేసి చూశావా అమ్మా?"

చూడలేదు. ఆ రోజే వేశాను. ఒక్క కణం కూడా లేని గుంట ఊదాగా మారింది. డీపీపీహెచ్ రంగును పోగొట్టిన గుణమే ఎంటీటీకి రంగు వేసింది. మూడు నెలల పని గోవిందా!

తర్వాత పద్ధతి మార్చాం. రసాన్ని ముందు రోజు ఇచ్చి, కడిగేసి, ఆ తర్వాతే పెరాక్సైడ్ ఇచ్చాం. లేకపోతే రసం, పెరాక్సైడ్ గుంటలోనే ఒకదానితో ఒకటి తేల్చుకుంటాయి, కణం ప్రేక్షకుడిలా ఉండిపోతుంది. చచ్చిన కణాలకు మాత్రమే అంటుకునే ట్రిపాన్ నీలం అనే రంగుతో లెక్క పెట్టాం. ఈసారి రక్షణ కనిపించింది, కానీ చాలా తక్కువ. నాకు నచ్చింది ఆ తక్కువే. రసం కడిగేశాక కూడా కణం కొంత తట్టుకుందంటే, అది తన సొంత బలం పెంచుకుని ఉండాలి. చాలా పాలీఫినాల్స్ కణానికి చిన్న చురక లాంటివి. ఆ చురకకు, కీప్1 అనే ప్రోటీన్ పట్టి ఉంచిన ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మరో ప్రోటీన్ విడుదలై కేంద్రకంలోకి వెళ్లి, గ్లూటాథయోన్ లాంటి రక్షణ సామగ్రి తయారీని పెంచుతుంది.

అయితే ఎంత ఎక్కువైతే అంత మంచిదా? ఫిన్లాండ్‌లో 29,133 మంది మగ ధూమపానీలపై జరిగిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ అంటే క్యారెట్‌కు రంగునిచ్చేది, ఆక్సీకరణను అడ్డుకుంటుందని దానికీ పేరు. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. కూరలో క్యారెట్‌కు దీంతో సంబంధం లేదు, మాత్రతోనే చిక్కు.

ఇందాక ముందు వరుసలో ఒక అమ్మ తొక్క కషాయం తాగొచ్చా అని అడిగారు. కషాయం తాగితే, నేను గుంటలో వేసినంత మోతాదు రక్తంలోకి చేరదమ్మా. చేరిన కాస్తనూ పేగు, కాలేయం రూపం మార్చేస్తాయి. పైగా సొన పడనివాళ్లకు మూతి పొక్కుతుంది.

టేబుల్ మీద ఆరు గాజు గొట్టాలు పెట్టాను. ఉసిరి, టీ, తొక్క, ఇంకా రెండు ఉన్నాయి. చివరి దాంట్లో ఏ రసమూ లేదు, ఉత్త డీపీపీహెచ్. వచ్చేటప్పుడు ముందు దాన్ని చూసి, తర్వాత మిగతావి చూడండి.